తోటకూర మడికి తెల్ల ఉప్పు

నాకు నిలకడ లేదని పుట్టింట్లోనూ అన్నారు, మెట్టినింట్లోనూ అన్నారు. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ పంతొమ్మిదివందల ఇరవైల్లో, అనంతగిరిలో, నాలుగేళ్ల కూతురికి రేచీకటి పట్టుకుంటే ఏ తల్లి నిలకడగా కూర్చుంటుంది? పొద్దు వాలితే చాలు, పిల్ల గోడ తడుముకుంటూ నడిచేది. కంచంలో అన్నం ఎక్కడుందో వేళ్లతో వెతుక్కునేది.

మేం కింద నుంచి వచ్చి కొండ మీద కొట్టు పెట్టుకున్నవాళ్లం. మేక కార్జం తినిపిస్తే తగ్గుతుందని సంతకొచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. మాది అలాంటి ఇల్లు కాదు. వైద్యుడేమో రోజూ ఆకుకూర పెట్టమన్నాడు. పెరట్లో తోటకూర మడి వేశాను. మొక్కలు జానెడు కాకముందే పాలిపోయాయి. వానకు సారం కొట్టుకుపోయిన ఎర్రమట్టి మరి. రోజుకు పదిసార్లు వెళ్లి చూసేదాన్ని. చూస్తే పెరుగుతాయా?

ఏదో ఒక ఎరువు వెయ్యాలి. ఆముదపు చెక్క మంచిదే, కానీ బండి మీద ఘాటీ ఎక్కి రావాలి, ఆపైన మట్టిలో కుళ్లాలి. అంతవరకు ఆగలేను. మాకు ఆవు లేదు. కంచె అవతల కొండ రైతుల ఇల్లుంది. ఆ ఇంటావిడ నా అవస్థ చూసింది.

“ఏటి సూత్తన్నావు సావుకారమ్మా? మా మేకల సాల్లో పెంటికలు బాగా మాగున్నాయి. గంపతో అట్టుకెల్లు.”

ఆవుపేడైతే సరే, మేకలది మైల అని మా అత్తగారు నేర్పింది. వద్దన్నాను, అదీ మొహం చిట్లించి.

ఆ వారమే మా ఆయన కాఫీ తోట గుమస్తా దగ్గర నుంచి ఒక పొట్లం తెచ్చారు. సీమ నుంచి ఓడలో వచ్చిన ఎరువట. తెల్లగా, ఉప్పులా, శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతే నా కొంప ముంచింది.

“చిటికెడు చెంబెడు నీళ్లలో కలిపి మొక్కల మొదట్లో పొయ్యమన్నాడే” అన్నారాయన.

వింటేనా. పదేళ్ల నుంచి ఊరగాయలు పెట్టినదాన్ని, ఉప్పు ఎంత వెయ్యాలో నాకొకరు చెప్పాలా? పొద్దున్నే మంచుకు ఆకులు తడిగా ఉండగా, మామిడి ముక్కల మీద చల్లినట్టు గుప్పిళ్లతో చల్లేశాను. మూడో రోజుకు ఆకుల అంచులు మాడాయి. ఆ మర్నాటికి మడంతా నేలకంటుకుపోయింది.

“కూర ఊరబెట్టేసావేటే” అన్నారు మా ఆయన, సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి.

ఒళ్లు మండి చేతిలో చెంబు నేలకేసి కొట్టాను. ఆ చప్పుడుకు పిల్ల బెదిరి, నన్ను వెతుక్కుంటూ వచ్చి స్తంభానికి గుద్దుకుంది. నుదురు బొప్పి కట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్లారేసరికి సంగతి కంచె దాటింది. ఆవిడ మేకల సాల వెనక పెరిగిన తోటకూర ఒళ్లో నింపుకొచ్చి మా అరుగు మీద పోసింది.

“గుంట కల్లు పోతంటే నీకు మైలేటమ్మా?”

ఆ కూరే వండాను. ఆ రోజూ, ఆ తర్వాత రోజూ. మాడిన మడి తవ్వి పక్కన పోసి, ఆవిడ సాల్లోంచి పెంటికలు నా చేతులతోనే ఎత్తి కొత్త మట్టిలో కలిపాను. అత్తగారికి ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు.

చాలా వారాల తర్వాత ఒక సాయంత్రం, దీపం పెట్టబోతుంటే పక్కన పిల్ల లేదు. చెంగుతో మొహం తుడుచుకుంటూ పెరట్లోకి పరుగెత్తాను. మసక వెలుతురులో ఒక్కతే, చేతులు చాచకుండా, రాళ్లు తప్పించుకుంటూ ఆవిడ ఇంటివైపు పోతోంది. పిలవబోయి ఆగాను. తిన్నగా వెళ్లి గుమ్మంలో ఉన్న ఆవిడ ఒళ్లో కూర్చుంది. సంతోషమూ అసూయా రెండూ ఒకేసారి కలిగాయి, దాచడం దేనికి.

పిల్ల అక్కడి నుంచే నావైపు చూసి, “అమ్మా, నీ బొట్టు సెరిగిపోనాది” అంది.

కంచె పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను.