బాక్సర్‌కు కప్పిన శాలువా

హన్మకొండలో మా జిమ్ పక్క టీ కొట్టు దగ్గర ఆ పేరుమోసిన బాక్సర్ గురించి రోజూ వాదన నడిచేది. "ఆయన గొప్పోడు కాదన్నా, టీవీలోళ్లు గొప్పోణ్ణి చేసిన్రు" అని నాకు ఎక్కించింది నా జిమ్ దోస్తే. ఆ మాట పట్టుకునే నేను మా బావతో తగువు పెట్టుకున్నాను. బావకు ఆ బాక్సర్ దేవుడు. మాటా మాటా పెరిగి బావ మా ఇంటికి రావడం మానేశాడు. అక్క బతిమాలినా నేను తగ్గలేదు. "నువ్వన్నదే కరెక్టన్నా" అని దోస్తు నన్ను మరింత ఎగదోశాడు.

మొన్న మడికొండలో కొత్త జిమ్ తెరవడానికి ఆ బాక్సరే వచ్చాడు. అందరికంటే ముందు స్టేజీ ఎక్కి శాలువా కప్పింది నా దోస్తే. పైగా మైకు అందుకుని, "చిన్నప్పటి సంది సార్ అంటే నాకు పానం" అన్నాడు, సిగ్గు లేకుండా. కింద నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత జనంలో ఉన్న బావను కూడా పైకి పిలిచాడు. ఇద్దరూ బాక్సర్‌కు చెరోపక్క నిలబడ్డారు. దోస్తు నన్ను చూసి కిందికి వంగి, తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"అన్నా, జర మంచిగ తీయ్. శాలువా కనబడాలె."

తీశాను. శాలువా బాగానే పడింది. ఫోటో తీసేది నేనని, బావ మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.