పెరట్లో అమ్మవారి గది

తొమ్మిదో నెల నడుస్తున్న ఆడపిల్ల కోపాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాళ్ల వాపులాగా, గుండెల్లో మంటలాగా అదీ ఒకటి అనుకుంటారు. "నెలలు నిండినయి గదా, గట్లనే ఉంటది" అని ఓ నవ్వు నవ్వి పక్కకు తప్పుకుంటారు. ఆ నవ్వు చూస్తే యమునకు ఇంకా ఒళ్లు మండేది. ఆమె కోపానికి కారణం ఉంది. ఆ కారణానికి నాలుగు ఇటుక గోడలున్నాయి, ఒక రేకు తలుపుంది, తలుపుకు తాళముంది, తాళానికి పసుపూ కుంకుమా కూడా ఉన్నాయి.

యమున అత్తగారిది వనపర్తి. భర్త జితేందర్ అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి కాబట్టి తండ్రి సీతారాములు వెళ్లి, కూతురికి ఒడి నింపించి, కృష్ణ దాటించి ఇంటికి తెచ్చుకున్నాడు. గద్వాలకు ఆటో దూరంలో ఉన్న నేతకారుల ఊరు అది. ముందు గదిలో గుంత మగ్గం, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. పెరటి మూలన మరుగుదొడ్డి.

ఆ మరుగుదొడ్డి మీద యమునకు హక్కుంది. ఆమె పదో తరగతిలో ఉన్నప్పుడు, అది కట్టిస్తే తప్ప బడికి పోనని మొండికేసి తండ్రి మెడలు వంచింది. మేస్త్రీ వెంట తట్టలు మోసింది. లోపల తెల్ల పలకలు కావాలని పట్టుబట్టి వేయించుకుంది. పెళ్లయి వెళ్లేదాకా తల్లీ కూతుళ్లు దాన్ని అద్దంలా తుడుచుకుని వాడుకున్నారు.

పెళ్లయ్యాక పండగలకు అమ్మానాన్నలే వనపర్తి వచ్చి చూసిపోయేవారు. ఇన్నేళ్లకు పుట్టింటికి వచ్చిన మొదటి సాయంత్రమే చెంబు పట్టుకుని ఆ మూలకు నడిచింది. గడపకు పసుపు రాసి ఉంది. తలుపు మీద మామిడాకుల తోరణం వేలాడుతోంది. ఏ తిరునాళ్లకో వచ్చినట్టు యమున అక్కడే నిలబడిపోయింది.

"ఏందమ్మా ఇది?"

తల్లి జమ్ములమ్మ తల దించుకుంది. "మీ నాయిన పట్టు పెడుతుండు బిడ్డా."

"లెట్రిన్ల పట్టేంది?"

విషయం చిన్నదే. యమున పెళ్లయిన మరుసటి వానాకాలం ఇంటి రేకులు కారాయి. గద్వాల సేటు చీరలకని ఇచ్చిన పట్టు సగం తడిసింది, మిగిలిన సగం ఎలుకలు కొట్టాయి. సీతారాములు అన్నం మానేసి ఇల్లంతా కలియతిరిగాడు. వాన కారనిది, ఎలుక దూరనిది, పైన స్లాబు ఉన్నది ఇంట్లో ఒక్కటే గది. దాన్ని కడిగించి, బేసిన్ మీద చెక్కపలక పరిచి, పట్టునూ జరీనీ డబ్బాల్లో పెట్టి తాళం వేశాడు. ఆ ఏడు చీరలు బాగా పోయాయి. సేటు మెచ్చుకున్నాడు. గది కలిసొచ్చిందని సీతారాములు కిటికీ గూట్లో గద్వాల జమ్ములమ్మ అమ్మవారి పటం పెట్టాడు. అప్పటినుంచి కాళ్లు కడుక్కుంటే గాని ఆ గదిలో అడుగు పెట్టడు. ఒకప్పుడు అదేం గదో తెలిసినవాళ్లు కూడా ఇప్పుడు తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్నారు.

"మరి మీరు యాడికి పోతున్నరు?"

"గా బడెనక కంపల్లకు. నాకు అలవాటే గదా."

అలవాటు అన్న మాట వినగానే యమునకు అరికాలి మంట నెత్తికెక్కింది. తల్లికి పుట్టింటివాళ్లు ఆ అమ్మవారి పేరే పెట్టారు. పటంలో ఉన్న జమ్ములమ్మకు తెల్ల పలకల గది. పొద్దస్తమానం తండ్రి పక్కన కూర్చుని నేసే జమ్ములమ్మకు ముళ్లకంపలు. ఇదెక్కడి న్యాయమని యమున ఆ సాయంత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. సీతారాములు మగ్గం మీది నుంచి లేవలేదు. "ఈ చీర కోసినంక సూద్దం బిడ్డా" అన్నాడు.

నెలలు నిండిన మనిషికి ఒంటేలుకు ఎన్నిసార్లు వస్తుందో మోసినవాళ్లకే తెలుసు. బిడ్డ తల కిందికి జారి మూత్రసంచి మీద కూర్చుంటుంది. లేచి వచ్చి నడుం వాల్చీ వాల్చకముందే మళ్లీ లేవాలి. బడి వెనక కంపల దాకా పొట్ట కింద చెయ్యి పెట్టుకుని నడవాలి. కూర్చోగానే రోడ్డు మీద ఏ ట్రాక్టరో, ఏ బండో వస్తుంది. లేచి నిలబడాలి. అది పోయాక మళ్లీ కూర్చోవాలి. ఆ పొట్టతో ఒక్కసారి కూర్చుని లేవడమే గగనం. కల్వర్టు మీద కూర్చున్న మగవాళ్లు మర్యాదస్తులు కాబట్టి అటువైపు తిరిగేవారు. లేచి వెళ్లిపోయేంత మర్యాద మాత్రం ఎవరికీ లేదు.

పక్కింటి రేణుకక్క వాళ్ల మరుగుదొడ్డికి యమున తల్లిని వెంటబెట్టుకుని రెండు రోజులు వెళ్లింది. మూడో రోజు రేణుకక్క నవ్వుతూనే అంది: "మీ ఇంట్ల అమ్మోరిని పెట్టుకుని మా ఇంటికి దొడ్డికి వస్తున్నరా?" హాస్యానికే అన్నది కావచ్చు. జమ్ములమ్మ ముఖం మాడిపోయింది. యమున మళ్లీ ఆ గడప తొక్కలేదు.

వనపర్తి తిరిగి పోతానంటే, నెలలు నిండిన మనిషి కృష్ణ దాటకూడదని తండ్రి అడ్డుపడ్డాడు. జితేందర్‌కు ఫోన్ చేస్తే, "మీ నాయినతోని నేనేం మాట్లాడుత యమునా, జర ఓర్సుకో" అన్నాడు. ఓర్చుకోమనేవాళ్లకు యమున బతుకులో ఎప్పుడూ కరువు లేదు.

అందుకని యమున తనకు తెలియకుండానే తల్లి దారి పట్టింది. తల్లి పొద్దున్నే బయటికి పోయి వచ్చాక గొంతు తడుపుకునేంత మంచినీళ్లు తాగేది, అంతే. మళ్లీ చీకటి పడి, బయటికి పోయి వచ్చాకే చెంబు ఎత్తేది. యమున కూడా దాహమైతే పెదాలు తడుపుకుని ఊరుకోవడం మొదలుపెట్టింది.

గద్వాల దవాఖానలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ తెర వైపు చూసి, యమున వైపు చూసి, "నీళ్లు తాగుతలేవా?" అని అడిగింది. ఉమ్మనీరు తగ్గిందట. బిడ్డ బాగానే ఉంది గాని ఆ నీరు ఇంకా తగ్గితే బిడ్డకు ప్రమాదమట. బాగా నీళ్లు తాగి, నాలుగు రోజులాగి మళ్లీ రమ్మంది. తగ్గినట్టు కనిపిస్తే ఆపరేషన్ తప్పదంది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ యమున పొట్ట మీద చెయ్యి తీయలేదు. లోపల ఉన్న పసిగుడ్డుకు ఈత కొట్టడానికి నీళ్లు లేవు. అది కూడా పట్టు తడవకూడదని. ఈసారి ఆమెకు అరవబుద్ధి కూడా కాలేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ మాట చెప్పి తాళంచెవి అడిగింది. సీతారాములు నిజంగానే భయపడ్డాడు. "అయ్యో, తాగు బిడ్డా, ఎన్ని నీళ్లు కావాలంటే గన్ని తాగు" అన్నాడు. తాళంచెవి మాట వచ్చేసరికి, అది కట్టుకున్న మొలతాడు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇయ్యాల మంగళారం. అమ్మోరిని కదిలియ్యొద్దు. రేపు సూద్దం."

రేపంటే చీర కొంగు నేత ఇంకా కాలేదంటాడు. ఎల్లుండి సేటు వస్తాడంటాడు. సీతారాములు దుర్మార్గుడు కాడు. అందుకే ఆయనతో పోట్లాడటం మరీ కష్టం.

ఎండెక్కే వేళకు యమున వంటింట్లోంచి స్టీలు బిందె ఈడ్చుకొచ్చింది. పెరట్లో అమ్మవారి గడప ముందు పీట వేసుకుంది. తలుపుకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి, గ్లాసు ముంచుకుని గటగటా తాగింది. మళ్లీ ముంచింది.

గోడ మీది నుంచి రేణుకక్క తొంగి చూసింది. "ఎండల కూసున్నవేందే?"

"నీళ్లు తాగుతున్న అక్కా. డాక్టరమ్మ తాగమన్నది."

"ఈడ కూసోని తాగాల్నా?"

"ఈన్నే తాగుత. ఒంటేలు వస్తే గూడ ఈన్నే కూసుంట, ఈ గడప మీదనే. అమ్మోరు ఆడామె గదా, ఆమెకు సమజైతది."

రేణుకక్క నవ్వబోయింది. యమున ముఖం చూసి ఆగింది. కాసేపటికి గోడ మీద ఇంకో రెండు తలలు లేచాయి.

ముందు గదిలో మగ్గం ఆడుతూనే ఉంది. గద్వాల చీరకు నడుమ నూలు, రెండు వైపులా పట్టు అంచు. అంచు పోగును నడిమి పోగుతో కలపడానికి పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి. అది జమ్ములమ్మ పని. అటు నుంచి పోగు మోసే నాడె చప్పుడు, ఇటు నుంచి బిందెలో గ్లాసు మునిగిన చప్పుడు. రెండూ ఆ ఇంట్లో ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి. సీతారాములుకు ఒక పోగు తెగింది. అతికాడు. మళ్లీ తెగింది.

"లోపలికి రా యమునా! పరువు తీయకు."

"పరువు లోపల పెట్టి తాళమేసినవ్ గద నాయినా. యాడికి పోతది?"

యమున కడుపు ఉబ్బింది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. బిడ్డ ఒక్క తన్ను తన్నితే ప్రాణం పోయినంత పనైంది. అయినా ఇంకో గ్లాసు ముంచింది. ఇక ఆగడం తన చేతుల్లో లేదని ఆమెకు తెలుసు. అన్న మాట చేసి చూపించాల్సి వస్తుందేమోనని లోపల బెదురు కూడా ఉంది. ఎంత కోపమైనా ఆ పసుపు గడప మీద... కోపాన్ని పళ్ల కింద పట్టుకుని కూర్చుంది.

సీతారాములు మగ్గం గుంతలోంచి లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. గోడ మీద తలలు చూసి ఆయనకూ కోపం వచ్చింది.

"మీ అమ్మ గీ ఇంట్లనే ఉన్నది గదా! మూడేండ్ల సంది బయటికే పోతున్నది. ఏనాడన్న ఒక్క మాట అన్నదా? ఆమెకు లేని బాధ నీకేం వచ్చింది?"

"నాకున్నది" అంది జమ్ములమ్మ.

ఆమె ఎప్పుడు లేచి వచ్చి ఆయన వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు. సీతారాములు వెనక్కి తిరిగాడు.

"ఏమున్నది?"

"బాధ. ఒంటేలుకు పోతే నిప్పులు పోసినట్టు మంట లేస్తది. మూడేండ్ల సంది. పగటీలి నీళ్లు తాగకుంట నీ పక్కన కూసుంటే లేవదా?"

గోడ మీది తలలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. యమున గ్లాసు కింద పెట్టింది. ఇన్నాళ్ల నుంచి తల్లి పక్కనే పడుకుని, తల్లి పక్కనే కంపల్లోకి నడిచి, ఈ మాట తనూ అడగలేదు. ఆ మొదటి సాయంత్రం తర్వాత తన పొట్ట గురించే అరిచింది.

జమ్ములమ్మ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇయ్యి."

"మంగళారం..." అన్నాడు సీతారాములు.

"నా పేరు గూడ అమ్మోరి పేరే. నేను కదిలిస్తే ఏం గాదు."

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. పక్కన ఆమె లేకపోతే మగ్గం నడవదు.

జమ్ములమ్మ ముందు అమ్మవారికి దండం పెట్టి పటాన్ని ఒడిలో పెట్టుకుని తెచ్చి వంటింటి అలమారలో పెట్టింది. పట్టు డబ్బాలు బయటికొచ్చి యమున మంచం ఎక్కాయి. "తొందరగ అమ్మా, తొందరగ" అంటూ యమున గోడ పట్టుకుని మెలికలు తిరుగుతోంది. చివరి డబ్బా తీసి, చెక్కపలక లేపీ లేపకముందే లోపలికి దూరి తలుపు వేసుకుంది.

లోపల కర్పూరం వాసన. తను కావాలని వేయించుకున్న తెల్ల పలకలు. ఏ ట్రాక్టరూ రాలేదు, ఎవరూ అటువైపు తిరగలేదు. యమున కూర్చుని ఏడ్చింది. సంతోషంతో కాదు. ఇంత చిన్న పనికి ఇంత రభస చేయాల్సి వచ్చినందుకు, కోపంతోనే ఏడ్చింది.

బయటికి వచ్చి, తండ్రిని అనాల్సిన మాటలు ఇంకా చాలా మిగిలాయని నోరు తెరిచింది. తల్లి ఆమెను పక్కకు జరిపి, చెంబుతో లోపలికి పోయి గడియ పెట్టుకుంది. పట్టపగలు. చాలాసేపు రాలేదు. సీతారాములు పట్టు పోగుల లడి ఒకటి చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచక పెరట్లో నిలబడ్డాడు.

జమ్ములమ్మ వచ్చి కాళ్లు కడుక్కుంది. కూతురు తాగిన గ్లాసు తీసుకుంది. బిందెలో ముంచి ఒక గ్లాసు నిండా తాగింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, ఇంకొకటి తాగింది. నీళ్లు గడ్డం మీది నుంచి మెడ మీదికి కారాయి. ఆమె తుడుచుకోలేదు.

"కొంగు సగంల ఉన్నది" అన్నాడు సీతారాములు నేల చూస్తూ. "మగ్గం మీద కూసుంటవా?"

"కూసుంట" అంది జమ్ములమ్మ. "నడుమ నడుమ లేస్త."