సరస్సుకు వీపు పెట్టిన బెంచీలు

వడ్రంగి మావయ్యలో వంక పెట్టడానికి ఒక్కటే ఉండేది. మనిషి నెమ్మది, పని నున్నన, మాట చల్లన. కానీ బెంచీ వేశాడంటే మాత్రం అది సరస్సుకు వీపు పెట్టాల్సిందే. చుట్టూ కొండలు, మధ్యలో నీలంగా నీళ్ళు, ఎక్కడెక్కడి జనమో ఆ నీళ్ళు చూడ్డానికే పడుతూ లేస్తూ వస్తుంటే, అలసిపోయి కూలబడ్డ మనిషికి ఈయన చూపించేది ఏమిటయ్యా అంటే, దుమ్ము కొట్టుకుపోయిన కాలిబాట, దాని అవతల ఓ బండరాయి!

సరస్సు చుట్టూ నడకదారి పొడవునా అలాంటి బెంచీలు పన్నెండు. ఇరుకు లోయలోకి దిగే చోట ఒకటి, జలపాతానికి ఎక్కే మెట్ల మొదట్లో ఒకటి, ఇలా దారి ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ ఒకటి. నడకదారి ఆఫీసులో ఆయన పాతికేళ్ళుగా వడ్రంగి. లోయ మీది చెక్కవంతెన, మెట్ల పక్క చెక్క రెయిలింగు అన్నీ ఆయన చేతి పనే. వాటికి ఏనాడూ ఎవరూ వంక పెట్టలేదు. ఫిర్యాదుల పుస్తకం తెరిస్తే మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా బెంచీల గోలే.

పోనీ అడిగినవాళ్ళకు జవాబు చెప్పడా అంటే, అడగడమే ఆలస్యం. కాకపోతే ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేవాడు కాదు.

“ఏమయ్యా, బెంచీ తిరగేసి బిగించారేం?”

“నీళ్ళ మీద ఎండ తళుకు కళ్ళకు మంచిది కాదండీ. నలభై దాటితే శుక్లాలే.”

మర్నాడు ఇంకో ఆవిడ అడిగితే, “సరస్సు గాలి ఎదురుగా కొడితే ఒళ్ళు నొప్పులమ్మా. వీపుకైతే ఏమీ కాదు” అనేవాడు.

ఓ పెద్దమనిషి వదలకుండా వెంటపడ్డాడు. “నాది ఎడమచేతి వాటం సార్. ఏం చేసినా అటుది ఇటు తిరిగిపోతుంది” అన్నాడు మావయ్య.

“మరి సుత్తి కుడిచేత్తో పట్టుకున్నావే?”

“అందుకేగా సార్ తిరిగిపోతోంది!”

ఆ ఆఫీసుకే ఆయన మేనకోడలు పర్యవేక్షకురాలిగా వచ్చింది. గీత గీసినట్టు పనిచేసే పిల్ల. పొద్దున్నే మావయ్య గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా “గుడ్‌మార్నింగ్ మేడమ్” అనేవాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి “టిఫిన్ తిన్నావా అమ్మడూ?” అనేవాడు. ఓరోజు ఆమె తలుపు వేసి అడిగేసింది.

“మావయ్యా, నాకైనా నిజం చెప్పు. ఆ బెంచీలెందుకలా?”

“అడుగుతోంది మేడమా, అమ్మడా?”

“ఇద్దరమూ.”

“మేడమ్‌కైతే, సరస్సే తప్పు దిక్కున ఉందండీ, నా బెంచీ సరిగ్గానే ఉంది. అమ్మడికైతే, నేను అందమైనవాటి వంక చూస్తే మీ అత్తయ్య ఊరుకోదు.”

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటుంది.

ఊరుకోనివ్వలేదు. పై ఆఫీసు నుంచి ఓ పెద్ద సారు వచ్చాడు. బెంచీ మీద కూర్చుని ఫోటో తీయబోతే ఎదురుగా బండరాయి పడుతోంది. “ఎవరమ్మా ఈ బెంచీలు వేసిన మేధావి?” అన్నాడు. వచ్చినవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మా మావయ్యేనండీ అనడానికి ఆమెకు నోరు రాలేదు. “పాతవి సార్, మార్పించేస్తాను” అంది. ఆ మాటే ముల్లులా ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పుడే మావయ్యకు జ్వరమొచ్చి వారంరోజులు సెలవు పెట్టాడు. ఆమె ఆ వారంలోనే పన్నెండు బెంచీలూ పీకించి, సరస్సు వైపు తిప్పించి, కాళ్ళకు సిమెంటు పోయించేసింది. మావయ్య ఇక పనిలోకి రాకూడదని ఆమె ఆ సిమెంటు పోయించలేదు గానీ, జరిగింది మాత్రం అదే.

తిరిగొచ్చిన రోజు ఆయన పన్నెండు బెంచీలూ చూసుకుంటూ చుట్టంతా నడిచాడు. సాయంత్రం ఆఫీసుకొచ్చి, పనిముట్ల గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

“బాగుందమ్మా. సరస్సు బాగా కనిపిస్తోంది.”

“కోపం వచ్చిందా మావయ్యా?”

“కోపమెందుకు? పనంటే నీట్‌గా చేయించావు.”

పిచ్చిది, ఆ మాట నమ్మి సంతోషించింది కూడా. మర్నాటి నుంచి ఆయన పనిలోకి రాలేదు. ఊళ్ళో తలుపులు చేసే కార్ఖానాలో చేరాడని తర్వాత తెలిసింది.

రెండేళ్ళు గడిచాయి. ఓ సెలవునాడు ఆమె వాళ్ళమ్మని, అంటే మావయ్యకు అక్కగారిని, జలపాతం చూపిద్దామని తీసుకొచ్చింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మోకాళ్ళు ఇక కదిలేది లేదన్నాయి. “నువ్వు వెళ్ళి రా, నేను ఇక్కడ సరస్సు చూస్తూ కూర్చుంటా” అందావిడ. ఆమె వెళ్ళి ముప్పావుగంటలో తిరిగొస్తూ, మలుపు తిరిగి ఆగిపోయింది. సరస్సు ఎదురుగా అంత అందంగా పరుచుకుని ఉంటే, వాళ్ళమ్మ బెంచీ మీద పూర్తిగా వెనక్కి తిరిగిపోయి, వీపుచెక్కను రెండు చేతులా పట్టుకుని, మెట్ల వైపే చూస్తోంది.

“ఏంటమ్మా అది, సరస్సు చూడకుండా?”

“సరస్సుకేం, అదెక్కడికి పోతుంది? నువ్వు వస్తున్నావా లేదా అని చూస్తున్నా. అబ్బ, మెడ పట్టేసిందే! ఇలా తిరగేసి బిగించిన బుద్ధిమంతుడెవరో గానీ!”

ఆ బుద్ధిమంతురాలు అమ్మకు చెయ్యి అందించి లేపింది. తిరుగుదారిలో కనిపించిన ప్రతి బెంచీనీ చూసుకుంటూ వచ్చింది. ఒక చోట ఓ తాతగారు బెంచీకి అడ్డంగా కూర్చుని దారి వైపు తల తిప్పి ఉన్నాడు. ఇంకో చోట నిండు గర్భిణి బెంచీ వదిలేసి దారి పక్క రాయి మీద కూర్చుంది. ఎక్కలేనివాళ్ళు, ఎక్కినవాళ్ళ కోసం చూసేవాళ్ళు. ఇన్నేళ్ళు పర్యవేక్షించి కూడా తాను ఒక్కసారైనా వాటి మీద కూర్చోలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే కార్ఖానాకు వెళ్ళింది. మావయ్య ఓ మూల కూర్చుని తలుపులకు గొళ్ళేలు బిగిస్తున్నాడు. గుమ్మం ఎత్తబోయి తుంటి దెబ్బతిందట, ఇప్పుడు కూర్చునే పనులే ఇస్తున్నారట.

“నాకెందుకు చెప్పలేదు మావయ్యా?”

“చెబితే ఏం చేసేదానివి? ‘నడవలేనివారి కోసం’ అని బోర్డు పెట్టేదానివి.”

నిజమే, పెట్టేదే. పచ్చరంగు బోర్డు, తెల్ల అక్షరాలు.

“ఆ బోర్డు కింద ఎవరు కూర్చుంటారే అమ్మడూ? మా అక్కయ్య కూర్చుంటుందా? పాక్కుంటూ అయినా జలపాతం దాకా పోతుంది గానీ! నన్నయితే తిక్కవాడని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ కూర్చునేవాళ్ళు. కూర్చున్నారా లేదా, నాకు అంతే కావాలి.”

ఆమె ఏడ్చేసింది. “సర్లే, గొళ్ళేలు తుప్పు పడతాయి” అన్నాడాయన.

మళ్ళీ తిప్పిస్తానని పై ఆఫీసుకు రాసింది. ఫోటోలు బాగా వస్తున్నాయి, అక్కర్లేదు అని జవాబొచ్చింది. మళ్ళీ రాసింది. ఆరోసారికి విసిగిపోయి, ఏడాదికొకటి చొప్పున తిప్పుకోమన్నారు. మెట్ల దగ్గరి బెంచీ సిమెంటు పగలగొట్టించడంతో మొదలుపెట్టింది. తన తొందరపాటు సరిదిద్దడానికి ఇంకా పదకొండేళ్ళు పడుతుంది, మావయ్య తుంటి మాత్రం ఎన్నేళ్ళకూ బాగుపడదు.

మావయ్యను జీపు పోయినంత దూరం జీపులోనూ, ఆ పైన తన భుజం మీదా తీసుకొచ్చి ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది.

“నువ్వు జలపాతం చూసి రా. నేనిక్కడ ఉంటాను” అన్నాడు. ఇన్నేళ్ళలో తన బెంచీ మీద తాను కూర్చోవడం ఆయనకు అదే మొదలు.

ఆమె మెట్లెక్కింది. మలుపు తిరిగింది. జలపాతం హోరు వినిపిస్తోంది, తుంపరలు మీద పడుతున్నాయి. అయినా కాళ్ళు ముందుకు పడలేదు. గిర్రున వెనక్కి తిరిగి దిగింది. మలుపులో కనిపించగానే కింద మావయ్య చెయ్యెత్తి ఊపాడు, ముఖమంతా నవ్వే. ఆమె పరుగులాంటి నడకతో వచ్చి పక్కన నిలబడింది.

“ఎలా ఉందే జలపాతం?”

“చూడలేదు మావయ్యా. సగంలో తిరిగొచ్చేశా.”

“ఏం, కాలు నొప్పా?”

“కాదు. నువ్వు చూస్తుంటావని.”

మావయ్య నవ్వు ఎగిరిపోయింది. “ఓసి పిచ్చి మొద్దూ! ముప్పావుగంట తీరిగ్గా ఎదురుచూద్దామని కూర్చుంటే పది నిమిషాలకే ఊడిపడతావా? ఇంకా కుదురుగా సర్దుకోనైనా లేదు. పో, మళ్ళీ పో. మొత్తం చూసి నింపాదిగా రా.”

ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి ఆయన చెప్పినట్టే చాలా నెమ్మదిగా వెళ్ళింది.