నేను అమ్మిన వందేళ్ళ కంపెనీ

ఖమ్మంలో అమెరికా కార్ల షోరూములో నాకు ఉద్యోగం దొరికేనాటికి, కారు తలుపు లోపలి నుంచి ఎలా తెరవాలో కూడా నాకు తెలియదు. మా ఇంట్లో నాన్న సైకిలు తప్ప వేరే బండి లేదు. డిగ్రీ చదివాను, ఇంగ్లీషు తడబడకుండా చదవగలను, నవ్వుతూ మాట్లాడతాను. అది చాలన్నారు.

మూడు రోజులు హైదరాబాదులో ట్రైనింగ్ ఇచ్చారు. ఇంజను గురించి ఒక పూట చెప్పారు. మిగతా అంతా కంపెనీ చరిత్ర. ఎక్కడో చిన్న ఊళ్ళో గుర్రపు బండ్లు చేసుకునే ఒకాయన, ఆయన కొడుకులు ఆ బండికి ఇంజను పెట్టడం, చుట్టుపక్కల చిన్న కంపెనీలన్నీ ఒక్కొక్కటే వీళ్ళ చేతికి రావడం, యుద్ధంలో ట్యాంకులు, యుద్ధం తర్వాత ఇంటింటికీ కారు. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పినట్టు ఆ చిన్న పుస్తకం మొత్తం అప్పజెప్పాను. ట్రైనింగ్ ఇచ్చినాయన చప్పట్లు కొట్టించాడు.

షోరూముకు వచ్చినవాళ్ళు ముందు మైలేజీ అడిగేవారు. నేను మైలేజీ చెప్పి, వెంటనే కంపెనీ వందేళ్ళ చరిత్ర మొదలుపెట్టేదాన్ని. సత్తుపల్లి కాంట్రాక్టర్లు, మిర్చి పండించే పెద్ద రైతులు కుర్చీలో వెనక్కి వాలి వినేవారు. వందేళ్ళ నుంచి ఉన్న కంపెనీ రేపు ఎక్కడికి పోతుందిలే అనుకునేవారు. నేను కూడా అలాగే అనుకున్నాను.

మా మేనమామ పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసంతా యూనియన్ మనిషి. ఆదివారాలు మాత్రం దమ్మపేట దాటి అడవి ఊళ్ళకు ప్రార్థన చేయించడానికి పోయేవాడు. కొంత దూరం బస్సు, ఆ తర్వాత నడక. మోకాలు నొప్పి మొదలయ్యాక పాత జీపు ఒకటి చూద్దామని ఖమ్మం వచ్చి, దారిలో నన్ను పలకరించడానికి షోరూములోకి అడుగుపెట్టాడు.

"పాత జీపెందుకు మామా? రోజూ మెకానిక్ షెడ్డు చుట్టే తిరుగుతవ్. మా బండి చూడు," అన్నాను.

నా టేబుల్ ముందు కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఓనరున్నడు, ఓనరు కొడుకులున్నరు, బ్యాంకోళ్ళున్నరు. పనోళ్ళేరి బిడ్డా?"

"కస్టమర్ల కోసం ఏసిన బుక్కు మామా అది."

"వందేండ్లల్ల ఒక్కసారన్న సమ్మె కాలేదా?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడం మాకు నేర్పలేదు. "కాలేదు మామా, అందర్నీ మంచిగ చూసుకుంటరట," అన్నాను.

ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చి, "సరే. నువ్వు చెప్తున్నవ్ గదా," అన్నాడు.

బండి కొని ఇంటికి తెచ్చిన రోజు చర్చి ముందు పాస్టరుగారు కారు మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. రెండేళ్ళు ఆ బండి బాగానే నడిచింది. అడవి ఊళ్ళ ఆడవాళ్ళను దవాఖానాకు తీసుకొచ్చింది, ఇప్పపువ్వు మూటలు సంతకు మోసింది. వెనక సీటంతా ఇప్పపువ్వు వాసనని మా అత్త గొణిగేది.

అమెరికాలో బ్యాంకులు కూలిన తర్వాతి ఎండాకాలం, మా కంపెనీ దివాలా తీసిందని టీవీలో చెప్పారు. మా షోరూము ఓనరు అందరినీ నిలబెట్టి, "గది అమెరికా కంపెనీ, మనది ఇండియా కంపెనీ. ఎవరడిగినా గిట్లనే చెప్పుండ్రి," అన్నాడు. సాయంత్రం మామ ఫోను చేస్తే అదే మాట చెప్పాను.

"బండి సంగతి కాదు బిడ్డా. ఆడ రిటైరయినోళ్ళ సంగతేంది? వాళ్ళ దవాఖానా ఖర్చులు బంద్ చేస్తరేమోనని పేపర్ల రాసిండ్రు."

"అవన్నీ మనకెందుకు మామా," అన్నాను. మూడు పదాలే అన్నాను. ఇన్నేళ్ళయినా వాటిని మరచిపోలేదు.

వానలు మొదలయ్యేలోపు మామ కొన్న మోడల్ ఆపేశారు. దసరా ముందు ఒక సోమవారం పొద్దున షోరూము మూసేస్తున్నామని మాకు చెప్పారు. మామకు నేను చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపాను.

ఆలోగా బండి దమ్మపేట అవతల ఆగిపోయింది. లోపల దవాఖానా నుంచి వస్తున్న ముగ్గురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. మామ ట్రాక్టరుకు కట్టించి బండిని పాల్వంచ తెచ్చాడు. మెకానిక్ ఫ్యూయల్ పంపు పోయిందని, కంపెనీది తప్ప వేరేది పట్టదని చెప్పాడట.

"మీ షోరూముల చెప్పి జెర ఆ పార్టు తెప్పియ్యి బిడ్డా," అన్నాడు మామ ఫోన్లో.

"తెప్పిస్త మామా," అన్నాను, లేని షోరూము తరఫున. కంపెనీ నంబరుకు రోజూ ఫోను చేశాను. అవతల ఒక అమ్మాయి, మీ విలువైన ఫిర్యాదు నమోదు చేసుకున్నామని కాగితం చూసి చదివినట్టు చెప్పేది. ఆమె మీద అరవలేకపోయాను. నేనూ అలాగే మాట్లాడేదాన్ని.

చివరికి మామే బస్సెక్కి ఖమ్మం వచ్చాడు. షోరూము ముందు నిలబడి నాకు ఫోను చేశాడు. నేను వెళ్ళేసరికి పనివాళ్ళు నిచ్చెన వేసి ఇంకో కంపెనీ బోర్డు బిగిస్తున్నారు.

"ఎప్పుడు బంద్ అయింది?"

"రెండు నెలలైంది మామా."

"మరి నాకెందుకు చెప్పలే?"

నేను ఏడ్చాను. ఆయన ఏడవద్దని అనలేదు.

"కంపెనోడు అబద్ధం చెప్తడు. అది వాని పని. ముప్ఫై ఏండ్లు చూసిన. నేను కంపెనోని మాట మీద కొనలే బిడ్డా," అన్నాడు. చాయ్ తాగుదాం రమ్మంటే రాలేదు. పాల్వంచ బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయాడు.

బండి వాళ్ళ ఇంటి పక్కన ఒక ఏడాది టార్పాలిన్ కింద ఉంది. తర్వాత తుక్కు కొనేవాడు వచ్చి పట్టుకుపోయాడు. మామ మళ్ళీ బస్సులో, నడకలో పోయాడు. మోకాలు సహకరించినన్నాళ్ళు పోయాడు, తర్వాత మానేశాడు. అమెరికాలో మాత్రం ఆ కంపెనీని సర్కారు చెయ్యిపట్టుకుని లేపింది. పాత బాకీలు పాత కంపెనీకి వదిలేసి, అదే పేరుతో కొత్త కంపెనీ పెట్టుకుని, మళ్ళీ లాభాల్లోకి వచ్చిందని పేపర్లో చదివాను. పనివాళ్ళు ఒకసారి కాదు, ఎన్నోసార్లు సమ్మె చేశారని కూడా అప్పుడే చదివాను. మామకు ఫోను చేసి చెప్పాలనిపించింది. చెయ్యలేదు.

కొన్నాళ్ళకు వేంసూరులో చుట్టాల పెళ్ళిలో అత్త నన్ను పక్కకు పిలిచింది. "నీ మీద కోపం లేదంటడు మీ మామ. కోపమన్న ఉంటే తిట్టేటోడు, మళ్ళ మాట్లాడేటోడు," అంది.

భోజనాల దగ్గర ఆయనే వడ్డన చూస్తున్నాడు. నా వరస దగ్గర ఆగి, "తిన్నవా బిడ్డా?" అన్నాడు. అందరినీ అడిగిన గొంతే. నేను జవాబు చెప్పేలోపు పక్క విస్తరి దగ్గరికి వెళ్ళిపోయాడు.