పై కోర్టు వినని మాట

ఆంటీ తెల్లవారుజామున పోయారని రైల్లో ఉండగా మెసేజ్ వచ్చింది. పంపింది ఆవిడ కూతురు. సింగపూరు ఆంగ్ మో కియో పేటలో వాళ్ళ ఫ్లాట్ల బ్లాకు నంబరు, మధ్యాహ్నం దహనం, అంతే రాసింది. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. చివరి స్టేషన్ దాకా అలాగే కూర్చున్నాను. ఆవిడకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పుకోను?

మీలో ఎవరికీ ఆవిడ తెలిసి ఉండరు. మలేసియా రబ్బరు తోటల తెలుగువాళ్ళింట పుట్టి, పెళ్ళయ్యాక సింగపూరు వచ్చి, ఒక లాయరు ఆఫీసులో గుమాస్తాగా తల నెరిపించుకున్న మనిషి. ఐటీ గాలి జోరుగా వీచిన రోజుల్లో మా చిన్న కంపెనీకి అమెరికా కోర్టుల దస్త్రాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని దొరికింది. ప్రోగ్రాములు రాయడం మాకు వచ్చు. కోర్టంటే మాత్రం సినిమాల్లో కొట్టే సుత్తి తప్ప ఏమీ తెలియదు. మేం రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆవిణ్ణి తీసుకున్నారు. అమెరికా మొహం ఎన్నడూ చూడని ఆంటీ ఆ దేశపు కోర్టుల పుస్తకాలను నెల రోజుల్లో నమిలి మింగేశారు.

పాఠాలన్నీ తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లోనే. టిష్యూ ప్యాకెట్టు పడేసి, ఇది మాదని బల్ల చోప్ చేసి, "తిన్నావా, మకాన్ అయ్యిందా అమ్మాయ్? అయితే విను" అని మొదలుపెట్టేవారు. పక్కపక్కనే రెండు బ్లాకులు ఉన్నాయనుకో, ఒకటి రాష్ట్రాలది, ఒకటి కేంద్రానిది అనేవారు. దొంగతనాలు, విడాకులు, అద్దె గొడవలు చాలామటుకు రాష్ట్రాల బ్లాకులోనే తేలిపోతాయట. కేంద్ర చట్టాల తగాదాలు, వేర్వేరు రాష్ట్రాలవాళ్ళ మధ్య పెద్ద దావాలు రెండో బ్లాకుకు వెళ్ళవచ్చు. ఏ బ్లాకులోనైనా సాక్షులు నిలబడి మాట్లాడేదీ, జ్యూరీ కూర్చుని వినేదీ కింది అంతస్తులోనే. మధ్య అంతస్తులో మామూలుగా ముగ్గురు జడ్జీలు, వాళ్ళ ముందు కాగితాలు. కింద రికార్డుకెక్కింది చదివి, చట్టాన్ని తప్పుగా పట్టారా అని చూస్తారు. అన్నిటికీ పైన సుప్రీం కోర్టు, తొమ్మిదిమంది జడ్జీలు. రాష్ట్రాల బ్లాకు నుంచి కూడా అక్కడికి దారి ఉంది, కేంద్ర చట్టమో రాజ్యాంగమో ముడిపడి ఉంటేనే. తలుపు కొట్టినవాళ్ళందరికీ మాత్రం తీయరు.

చివర్లో ఎప్పుడూ ఒకే మాట. "పైకి పోయాక కొత్త సాక్ష్యం లేదు అమ్మాయ్. కింద చెప్పాల్సింది కిందే చెప్పాలి." నోట్సులో రాసుకుని దాని కింద గీత కూడా గీశాను. గీతలు గీస్తే బుద్ధి వచ్చేటట్టయితే నాకెప్పుడో వచ్చి ఉండాలి.

కేంద్ర కోర్టుల్లో మామూలు సివిల్ కేసు ఓడినవాడు, తీర్పు రిజిస్టరులో ఎక్కిన ముప్ఫై రోజుల్లో అప్పీలు వేయాలి. ఆ గడువు లెక్కకట్టే ముక్క రాసింది నేను. ఒకరోజు ఆంటీ నా తెర మీదికి వంగి, ఇది ఏ ఊరి గడియారం అని అడిగారు. వాళ్ళ ఎండాకాలంలో అమెరికా తూర్పు తీరానికీ మనకూ సరిగ్గా పన్నెండు గంటల తేడా. గోడ గడియారంలో ముళ్ళు ఒకేలా ఉంటాయి, తారీఖే వేరు. నా ప్రోగ్రాము తారీఖును సింగపూరు మిషన్ నుంచి తీసుకుంటోంది. అక్కడ మధ్యాహ్నం దాటి ఎక్కిన తీర్పుకు ఇక్కడి మర్నాటి తారీఖు పడి, గడువు ఒక రోజు ఎక్కువ చూపిస్తోంది. ఆ లేని రోజును నమ్ముకున్నవాడి అప్పీలు మట్టిగొట్టుకుపోతుంది.

సాయంత్రంలోగా సరిచేస్తాను, మీరు చూసి సరే అన్నట్టు ఇవ్వాల్సిన ఫారం ఆగిపోయింది, సంతకం పెట్టేయండి ఆంటీ అన్నాను. నా మాట మీద పెట్టారు. నేను మర్చిపోయాను. ఇందులో ఇంకే కథా లేదు.

అమెరికావాళ్ళు ప్రోగ్రామును పరీక్షగా నడిపి చూస్తున్నప్పుడే ఆ తప్పును పట్టుకున్నారు. మేనేజరు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, దీన్ని చూసి సరే అన్నది ఎవరని అడిగాడు. నేను సింగపూరులో పనిచేయడానికి కావాల్సిన పాస్ రెన్యూవల్ కాగితం ఆ వారమే అతని బల్ల మీద ఉంది. ఆంటీ నా వైపు చూశారు. కోపంగా కాదు, ఇప్పుడు నీ వంతు అన్నట్టు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

"సంతకం నాదే" అన్నారావిడ.

నెలాఖరుకు ఆవిణ్ణి పంపించేశారు. కుర్రాళ్ళు వరసకట్టి వస్తున్న రోజులవి, యాభై దాటిన మనిషిని ఎవరు పిలుస్తారు? మళ్ళీ ఉద్యోగం దొరకలేదు. నా పాస్ మాత్రం వచ్చింది. నా పిరికితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండేళ్ళకు వాళ్ళింటికి వెళ్ళాను. పాత బ్లాకు, లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగదు. తొమ్మిదిలో దిగి మెట్ల మీద ఎనిమిదికి రావాలి. ఆ మెట్ల మీద మాటలు కూడదీసుకున్నాను. చేపల పులుసు వడ్డిస్తుంటే, ఆ రోజు మీటింగులో, అని మొదలుపెట్టాను. ఆవిడ గిన్నె నా వైపు జరిపారు. "తిను లా, అమ్మాయ్. కింది కోర్టు ఎప్పుడో మూసేశారు."

క్షమించారో, వద్దన్నారో తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. కంపెనీ కూడా అప్పటికే మూతపడింది.

నేను వెళ్ళేసరికి బ్లాకు కింద, గోడల్లేని ఖాళీ వాయిడ్ డెక్‌లో ఆంటీని పడుకోబెట్టి ఉన్నారు. వచ్చినవాళ్ళకు నీళ్ళ సీసాలు ఇస్తున్న కూతురు నన్ను గుర్తుపట్టింది. మీరు అమ్మతో వర్క్ చేశారు కదా అక్కా అంది. తన మిస్టేక్ వల్లే జాబ్ పోయిందని అమ్మ ఎప్పుడూ చెప్పేదట. కన్నకూతురికి కూడా నా పేరు చెప్పలేదు.

"తప్పు మీ అమ్మది కాదు. నాది" అన్నాను.

ఆ పిల్ల సీసా అందించబోతూ ఆగింది. "ఇప్పుడా చెప్తున్నారు, అక్కా? అమ్మ కెనాట్ హియర్ ఆల్రెడీ." నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

స్తంభానికి తగిలించిన గడియారంలో పదకొండయింది. ఇది జూలై. అమెరికా తూర్పు తీరంలోనూ పదకొండే, కాని తారీఖు ఇంకా నిన్నటిదే. ఆనాడు నా ప్రోగ్రాము చూపించినట్టే, ఇంకా ఒక రోజు మిగిలి ఉన్నట్టు కనిపించింది. దహనానికి తీసుకెళ్ళే బండి వెనక్కి వచ్చి ఆగింది. నలుగురు వంగి ఆంటీని ఎత్తారు.