ఆమెకొచ్చిన జబ్బే నాకూ

పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షల్లో నాకు హెపటైటిస్ సి ఉందని తేలింది. కౌంటర్లో ఉన్నావిడ ఆ మాట గట్టిగానే చదివింది. వరసలో వెనక నిలబడినవాళ్లంతా నన్నే చూస్తున్నారనిపించి, ఆ కాగితం లాక్కున్నట్టుగా తీసుకుని సంచిలో కుక్కేశాను.

లివర్ డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. మావారు పక్కన కూర్చుని ఉండగానే అడిగింది. పచ్చబొట్టు పొడిపించుకున్నారా? మత్తు ఇంజెక్షన్లేమైనా తీసుకున్నారా? భర్త కాక ఇంకెవరితోనైనా సంబంధం ఉండేదా? యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆ ప్రశ్నకు "లేదు" అంటూ ఆయన మొహం చూడలేకపోయాను. మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు రక్తం ఎక్కించిన సంగతి ఆయనే గుర్తుచేశారు.

"అదే కావచ్చు, అప్పట్లో ఈ పరీక్ష ఉండేది కాదు," అంది డాక్టర్. పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ నయమవుతుందని, తిండి వల్లా గ్లాసుల వల్లా అంటుకోదని రెండుసార్లు చెప్పింది. ఆయన్ని కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమంది. దానికీ నాకు సిగ్గేసింది.

న్యూ టౌన్‌లో మా ఫ్లాట్‌కి రాగానే నా కంచం, గ్లాసు విడిగా తీసి కిటికీ పక్కన పెట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావ్? అంటుకోదని చెప్పింది కదా," అన్నారాయన.

"ఎందుకైనా మంచిది," అన్నాను. అన్నాక ఇక అక్కడ నిలబడలేకపోయాను. మూడేళ్ల క్రితం ఇదే మాట ఇంకొకరితో అన్నాను.

మేమున్నది బెంగాల్లోనైనా, అప్పట్లో మా ఇంట్లో వంట చేసే ఆమె తెలుగామే, శ్రీకాకుళం వైపు మనిషి. భర్త ఓడరేవులో కూలీ. ఆ రేవు పక్కనే ఉన్న ఏక్‌బాల్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఒకరోజు తనే ఆసుపత్రి కార్డు తెచ్చి చూపించింది. "అమ్మా, నాకు లివర్ జబ్బంట. నెలకోపాలి మాత్రల కోసం ఎల్లాల. ఆ ఒక్క పూటా సెలవియ్యండి," అంది. కార్డు మీద హెపటైటిస్ సి అని ఉంది. మర్నాడు ఆమెను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. "ఎందుకైనా మంచిది, నువ్విక రావద్దు," అన్నాను. ఆమె విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయింది. తనే మానేసిందని మావారితో చెప్పాను. పై అంతస్తు బెంగాలీ ఆవిడ ఇంట్లోనూ ఆమే వండేది, ఆవిడను బౌదీ అని పిలిచేది. ఆవిడకు మాత్రం జాగ్రత్త చెబుతున్నట్టుగా అసలు సంగతి చెప్పాను. వారం తిరక్కుండా ఆవిడా మాన్పించేసింది.

ఇప్పుడు నాలుగు రోజులు తటపటాయించి ఆ వంటామెకు ఫోన్ చేశాను. క్షమాపణ చెప్పడానికి అని ఇప్పుడు రాసుకుంటే అబద్ధమవుతుంది. ఆ మాత్రలు వేసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలిసిన మనుషుల్లో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. అందుకని చేశాను.

"ఎవులు?" అంది. చెప్పాను. "సెప్పండమ్మా," అంది.

నాకూ అదే జబ్బని చెప్పాను.

"అయ్యో, మీకూనా? బయపడకండమ్మా. మొదట్లో కూసింత తలనొప్పి, నీరసం, అంతే. నాకు పూర్తిగా పోనాది. ఆకరి పరీచ్చలో ఏటీ లేదన్నారు. ఒక్క పూట కూడా మానీకండి."

"ఆ రోజు నిన్ను అలా పంపించడం తప్పే," అన్నాను.

"బస్సులో ఏడుస్తానే ఎల్లినానమ్మా," అంది. "పైన బౌదీ కూడా వద్దన్నాక ఎవులు సెప్పినారో నాకు తెలిసిపోనాది."

పర్వాలేదని ఆమె అనలేదు. అనాలని నేను ఎదురుచూశాను, అది ఇంకా సిగ్గుచేటు. పొయ్యి మీద కూర ఉందని, ఒళ్లు జాగ్రత్తని చెప్పి పెట్టేసింది.

ఆ సాయంత్రం మావారికి అంతా చెప్పాను. జబ్బు సంగతి తెలిసినప్పుడు పల్లెత్తు మాట అనని మనిషి, "మూడేళ్లు నాతో అబద్ధం ఆడావా?" అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. భోజనానికి పిలిస్తే వచ్చి, కంచం తీసుకుని మళ్లీ బాల్కనీలోకే వెళ్లారు.

మర్నాడు పై అంతస్తుకు వెళ్లాను. మెట్ల మీద రెండుసార్లు ఆగాను. "దీదీ, ఆ వంటామెకు వచ్చిన జబ్బే నాకూ ఉంది. అది వంట వల్ల అంటుకోదు. అప్పుడు నేను మీకు చెప్పింది తప్పు," అని బెంగాలీలో గబగబా అప్పజెప్పేశాను.

"ఓ మా!" అంది ఆవిడ. సోఫాలో కాస్త వెనక్కి జరిగింది. మరీ మర్యాదస్తురాలు కాబట్టి టీ తాగకుండా పంపనంది. తనకు ఎప్పటి పింగాణీ కప్పులో, నాకు కాగితం కప్పులో తెచ్చింది. ఇద్దరం వాటి వంక చూడకుండా మాట్లాడుకున్నాం. నాకు కోపం రాలేదు. ఆ టీ చివరిదాకా తాగాను.

తలుపు దాకా వచ్చి ఆవిడ మెల్లగా, "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడ పనిచేస్తోంది?" అని అడిగింది.

తెలియదన్నాను. ఫోన్లో అంతసేపు మాట్లాడి ఆ సంగతి అడగనేలేదు.

మాత్రలు సోమవారం మొదలుపెట్టాలి.