ముత్యాలు క్యారేజీలో పరిగెల పులుసు

నూకరత్నం కొల్లేటి మనిషి. పుట్టింది లంక ఊళ్ళో, కట్టుకున్నది చేపల వ్యాను నడిపే నాగదుర్గారావుని. ఏలూరు పక్కన వట్లూరులో రెండు గదుల వాటాలో వాళ్ళ కాపురం. దేవుడు ఆమెకు చాలా వాటిల్లో లోటు పెట్టాడు గాని, కుళ్ళుమోతుతనంలో మాత్రం పెట్టలేదని మొగుడే నవ్వుతూ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. రెండున్నరేళ్ళ కొడుకు ముత్యాలరావు తల్లికంటే ముందు తండ్రిని చూసి నవ్వితే, ఆ పూట నాగదుర్గారావు కూరలో ఉప్పుండదు. పక్క వాటా ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని రెండు నిమిషాలైతే చాలు, “నిద్రవేళయిందండి” అని లాగేసుకుంటుంది. పిల్లాడు అప్పుడే లేచినా సరే.

అలాంటి మనిషికి ఇంజనీరింగు కాలేజీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో పని దొరికింది. నాలుగు వందల మందికి వండి వడ్డించాలి. పనివాళ్ళ పిల్లల కోసం హాస్టల్ వెనకాలే డే కేర్ ఉంది. ఇంతకంటే ఏం కావాలని అందరూ అన్నారు. నూకరత్నం కూడా అలాగే అనుకుంది, ఆయా సుగుణను చూసేదాకా.

సుగుణది మెట్టలోని నల్లజర్ల. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, మెత్తటి మాట. పేరు రాయించడానికి వెళ్ళిన రోజున, కొత్తవాళ్ళను చూస్తే తల్లి కొంగులో దూరే ముత్యాలు ఆ కళ్ళజోడు కోసం చెయ్యి చాచి తిన్నగా ఆవిడ చంకెక్కాడు. నూకరత్నం గుండె భగ్గుమంది.

“బాబు ఏం తింటాడండి?” అని అడిగింది సుగుణ.

“నా చేత్తో పెడితే తప్ప తినడండి.”

“పర్లేదండి. రెండు రోజుల్లో అలవాటైపోతాడు.”

ధైర్యం చెప్పడానికే అంది పాపం. కాని ఆ మాట నూకరత్నానికి శాపంలా వినబడింది. రెండున్నరేళ్ళు కడుపు కట్టుకుని, నిద్ర మానుకుని పెంచుకుంటే, ఈవిడ రెండు రోజుల్లో అలవాటు చేసేసుకుంటుందా? ఇంటికి వెళ్ళేదాకా ఆ ‘రెండు రోజులు’ ఆమె చెవుల్లోంచి పోలేదు.

మర్నాడు కలిదిండి చెరువుల మీదికి వ్యాను తీసుకెళుతున్న మొగుడితో, “ఏవండీ, వచ్చేటప్పుడు పరిగెలు తెండి” అంది.

“రేపు పిల్లోడు కొత్త చోటికెళతన్నాడు గదే. కొరమేను తెత్తాను. ముల్లుండదు.”

“పరిగెలే తెండి. ఆడికవే ఇష్టం.”

పరిగెలు వాడికి ఇష్టమే, అది నిజం. అయితే వేలెడంత ఆ చేప ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి ముళ్ళు. వెన్నుముల్లు లాగేశాక మిగిలిన కండను బొటనవేలి కింద నలుపుతూ, చేతికి తగిలిన ముల్లునల్లా తీసి పిల్లలకు పెట్టడం కొల్లేటి ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య. మెట్ట ప్రాంతపు మనిషికి అది ఎక్కడ చేతనవుతుంది? ఆవిడకు పెట్టడం రాదు, వీడు ఇంకొకటి తినడు, అమ్మ కావాలని ఏడుస్తాడు. అప్పుడు తెలుస్తుంది ఆవిడకు. నూకరత్నం లెక్క ఇంతే. ఆ లెక్కతోనే పులుసు కాచి, అన్నం మీద నాలుగు పరిగెలు పరిచి, పొద్దున్నే క్యారేజీ కట్టింది.

డే కేర్ గుమ్మంలో ముత్యాలు ఏడ్చాడు. వాడి ఏడుపు వింటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గేటు దాటేలోపే ఏడుపు ఆగిపోయింది. ఆ ఆగిపోవడం ఆమె ఓర్చుకోలేకపోయింది. సుగుణ చేతికి క్యారేజీ ఇచ్చింది గాని, అందులో ఏముందో చెప్పకుండానే వచ్చేసింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వడ్డన మొదలైంది. నూకరత్నం సాంబారు గరిటె పట్టుకుని నిలబడింది. ముప్పావుగంట గడిచాక, వరసలో కూర్చున్న ఒక అమ్మాయికి మెతుకు అడ్డం పడి దగ్గు అందుకుంది. పక్కనున్నవాళ్ళు వీపు తట్టారు, నీళ్ళు పట్టారు, ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. నూకరత్నం మాత్రం నవ్వలేదు. పిల్లలకు అన్నం పెట్టే వేళ కూడా ఇదే. పిల్లాడు తినడనే అనుకుంది గాని, ఆవిడ పెడితే? తెలియక ముళ్ళతో కలిపి ముద్ద నోట్లో పెడితే? వాడు నోరు తెరిస్తే? తన పాపిష్టి బుద్ధి ఎంత పని చేసిందో ఆమెకు అప్పుడు తట్టింది.

“రూతమ్మగారూ, కాస్త చూడండి” అని పక్కన అన్నం వడ్డిస్తున్నావిడ చేతిలో గరిటె పెట్టి, వెనక గుమ్మంలోంచి పరుగెత్తింది. వరండా పొడుగునా ‘ముల్లు గుచ్చుకోకుండా ఉంటే చాలు స్వామీ, వాడు ఎవరి దగ్గర ఉన్నా ఏమీ అనుకోను’ అని మొక్కుకుంది.

డే కేర్‌లో మిగిలిన పిల్లలు తినేసి పడుకున్నారు. కిటికీ దగ్గర చాప మీద సుగుణ ఒళ్ళో ముత్యాలు కూర్చుని ఉన్నాడు. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి, పళ్ళేన్ని వెలుతురుకు పెట్టి, చేపను చిదిపి ముళ్ళు ఒక్కొక్కటే ఏరుతోంది. పళ్ళెం అంచున అరవై డెబ్భై ముళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నం సగానికి పైగా ఉంది. పిల్లాడు ఎంతో ఓపికగా ఆవిడ వేళ్ళ వంకే చూస్తున్నాడు.

“రండి రండి. ఈ చేప నాకు కొత్తండి, అరగంటైంది, ఇంకా రెండోది” అంది సుగుణ నొచ్చుకుంటూ.

నూకరత్నానికి ఊపిరి వచ్చింది. ఊపిరితోపాటు కుళ్ళు కూడా వచ్చింది. తను ఏనాడూ వాడికి ఒక్క ముద్ద కోసం ఇంత సేపు కూర్చోలేదు.

“ఇవి పంపకుండా ఉండాల్సిందండి” అంది ఎట్టకేలకు.

“అయ్యో, అదేంటండి. పొద్దున్నించీ ఎవరి దగ్గరా కుదురుగా లేడు. ఇంటి కూర వాసన తగలగానే వచ్చి నా ఒళ్ళో కూర్చున్నాడు. మీరిది పంపబట్టే నా దగ్గర చేరాడండి.”

నూకరత్నం చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుంది. “కళ్ళతో ఏరితే దొరకవండి. ఇలా తోక దగ్గర పట్టుకుని వెన్నుముల్లు లాగేయండి. మిగిలింది బొటనవేలి కింద నలపండి. గరుగ్గా తగిలిందల్లా ముల్లే” అని నలిపి చూపించింది. సుగుణ శ్రద్ధగా చూసి, తనూ నలిపింది. రెండోసారికే చేతి వాటం పట్టేసింది.

నూకరత్నం ముద్ద కలిపి పిల్లాడి నోటి ముందు పెట్టింది. ముత్యాలు తల్లిని చూసి నవ్వాడు. నవ్వి, ముఖం తిప్పి, సుగుణ వైపు నోరు తెరిచాడు.

నూకరత్నం ఆ ముద్దను సుగుణ చేతిలో పెట్టింది.